తిను అంటేనే

మా ఇంట్లో కుక్కపిల్ల ఉండటానికి వీల్లేదని నేను మొదటిరోజే చెప్పాను. కాకపోతే చెప్పిన తీరు వేరు. "భేషుగ్గా ఉంది అత్తయ్యా, ఒక్కటే తెచ్చారేం? ఇంకో నాలుగు తెచ్చుకోండి, మంచం మీద బోలెడు చోటుంది" అన్నాను. ఆవిడ ఒళ్ళో ఉన్నదాని చెవులు తుడుస్తూ, "ఒకటి చాల్లే అమ్మాయ్" అంది.

నా నోటి సంగతి ముందే చెప్పేయడం మంచిది. జరిగిందంతా దానివల్లే జరిగింది. కోపం వస్తే నాకు తిట్టడం రాదు, మెచ్చుకోవడం వస్తుంది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డ మనిషిని "పొంగనివ్వండి, పాపం పొయ్యికీ దాహం వేస్తుంది" అంటాను. గంట ఆలస్యంగా వచ్చినవాళ్ళని "అప్పుడే వచ్చేశారేం, ఇంకాసేపు ఉండాల్సింది" అంటాను. మా పుట్టింట్లో అందరం ఇదే బాపతు. మేము సూటిగా మాట్లాడితే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నా మాటలన్నీ నిజమేననుకునేది. ఆవిడ నడుం వాల్చి ఉండగా నేను "పడుకోండి అత్తయ్యా, గిన్నెలు వాటంతటవే కడుక్కుంటాయి" అంటే, "సరేనమ్మా" అని అటు తిరిగి పడుకునేది. చివరికి మా ఆయనే ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, దీని మాట అట్ట తలకిందులుగా అతికించిన పుస్తకం లాంటిది. తిప్పి పట్టుకో, లోపలంతా సరిగ్గానే ఉంటుంది." అప్పటినుంచి ఆవిడ నేనేమన్నా ఒక్క క్షణం ఆగి, తిప్పి పట్టుకుని, తర్వాత నవ్వేది.

అట్టలూ అతికించడాలూ ఎందుకొచ్చాయంటే, మాది బైండింగ్ ఇల్లు. ముందుగదిలో పని, మధ్యగదిలో అత్తయ్య మంచం, వెనకగదిలో వంట. ఆఫీసుల పాత రిజిస్టర్లు, లైబ్రరీల చిరిగిన పుస్తకాలు మా దగ్గరికి వస్తాయి. పాత కుట్లు విప్పి, చినిగిన కాగితాలకు సన్నకాగితం అతికించి, మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేసి పంపిస్తాం. ఆయన కుట్టేవాడు, నేను అతికించేదాన్ని. "నీకు ఈ ఇంట్లో గట్టివి రెండు దొరికాయి, అట్టా అత్తా" అని ఆయన నన్ను ఏడిపించేవాడు. ఏడాదిన్నర కిందట ఒకరోజు పొద్దున్నే, పుస్తకాలు బిగించే ప్రెస్సు పిడి తిప్పుతూ తిప్పుతూ, దానిమీదే వాలిపోయాడు. నేను జిగురు కలుపుకుంటూ "బాగుంది, పొద్దున్నే నిద్ర" అన్నాను. ఆ మాటే ఆయనతో నా ఆఖరి మాట.

కొడుకు పోయాక అత్తయ్య అన్నం మానేసింది. పట్టుబట్టి మానేయలేదు, పాపం. కూర్చునేది, కలిపేది, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ కంచంలో పెట్టేసేది. నేను బతిమాలలేదు. నాకు బతిమాలడం కూడా రాదు. "మానేయండి, వంట చేసే శ్రమ తప్పుతుంది నాకు" అన్నాను. అప్పుడు మాత్రం ఆవిడ తిప్పి పట్టుకోలేదు. మనిషి ఎండిపోయింది. చేతి గాజు మోచేతిదాకా జారేది. పిలిచి చూపిస్తే డాక్టరు కూడా "మందు లేదమ్మా, తినాలి అంతే" అని వెళ్ళిపోయాడు.

అలాంటి మనిషిని ఒకరోజు పాలు తెమ్మని బలవంతంగా బయటికి పంపించాను. పాలు రాలేదు. పాల దుకాణం వెనక కాలువలో తడిసి, వణుకుతూ, గుప్పెడంత కుక్కపిల్ల వచ్చింది. మధ్యాహ్నం అత్తయ్య కంచం ముందు కూర్చుంది. పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని పైకి చూసింది. ఆవిడ ఒక ముద్ద దానికి పెట్టింది. అది మింగి మళ్ళీ పైకి చూసింది. "ఉండవే, నన్నూ తిననియ్యి" అని ఆవిడ ఒక ముద్ద తన నోట్లో పెట్టుకుంది. దానికొకటి, తనకొకటి. కంచం ఖాళీ అయింది. నేను వెనకగదిలోకి వెళ్ళి, కడగాల్సిన గిన్నెలు లేకపోయినా కుళాయి తిప్పుకుని, కాసేపు ఏడ్చాను.

అందుకే కుక్క మా ఇంట్లో ఉండిపోయింది. అది తింటే ఆవిడ తింటుంది. నాకు ఈ లోకంలో మిగిలిన మనిషి ఆవిడ ఒక్కతే. అంతకుమించి లెక్కలేవీ నేను వేసుకోలేదు.

నెల తిరిగేసరికి దానికి పళ్ళొచ్చాయి. మొదట నా చెప్పులు. తర్వాత మంచంకోడు, చీపురు, దువ్వెన, తలుపు అంచు. ఆ తర్వాత అసలైన ఆస్తి దాని కంటబడింది. మా జిగురు మైదాపిండి ఉడికించి చేసేది కదా, దాని లెక్కలో ముందుగది అంతా తినుబండారాల దుకాణమే. పుస్తకాల వెన్ను దగ్గర మొదలుపెట్టి శ్రద్ధగా, వరసగా నమిలేది. నేను "తిను తల్లీ, తిను, బాగా తిను, నంజుకోవడానికి ఏమైనా కావాలా?" అని అరిచేదాన్ని. అది తోక ఊపి ఇంకాస్త తినేది. దానికి నేను 'చెద' అని పేరు పెట్టాను. పుస్తకాల వాళ్ళ ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. అత్తయ్య రెండురోజులు కోప్పడి, మూడోరోజు తనూ "చెదా, రావే" అని పిలవడం మొదలుపెట్టింది.

నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను. అట్టల అంచులకు కారం రాశాను. అది తుమ్మి, తుమ్మి, మళ్ళీ తింది. పనికిరాని పాత అట్టలు కొన్ని దానికి పడేశాను, వీటితో సరిపెట్టుకుంటుందని. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. పాత అట్ట ఏదో కొత్త అట్ట ఏదో దానికేం తెలుసు? అట్ట అనేది నమలడానికే ఉందని నేనే దగ్గరుండి నేర్పించినట్టయింది.

ఒకరోజు నేను కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి పుట్టుకల రిజిస్టరు ఒకటి నేలమీద పరిచి ఉంది. ఊళ్ళో ఎవరు ఎప్పుడు పుట్టారో రాసే పుస్తకం అది. ఒక పేజీ కింది సగం లేదు. నలుగురు మనుషుల పుట్టుక దాని కడుపులోకి వెళ్ళిపోయింది. రిజిస్టర్లు తెచ్చి తీసుకెళ్ళే గుమాస్తా వచ్చి తలపట్టుకున్నాడు. పెద్దమనిషి, మా ఆయన ఉన్నప్పటినుంచీ మాకు పని తెచ్చేవాడు. "అమ్మా, నకలు ఇంకోటుంది కాబట్టి బతికిపోయాం. ఇంకోసారి ఇలా అయితే పని మీ ఇంటికి రాదు. నేను తేవాలనుకున్నా తేనివ్వరు" అన్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్యతో మొదటిసారి సూటిగా మాట్లాడాను. "ఇది ఇంకో పుస్తకం ముట్టుకుంటే పంపించేస్తాను అత్తయ్యా. నిజంగా అంటున్నాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తిప్పి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. లేచి, చెదని ఒళ్ళో పెట్టుకుని, "పశువుల డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద" అంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, చేతులనిండా గోళ్ళ గీతలు. చెద నోరు తెరిచి చూసి, "పళ్ళు మారుతున్నాయి. చిగుళ్ళు సలుపుతాయి, అందుకే ఏదో ఒకటి కొరకాలి. తడిగుడ్డ చల్లబరిచి ఇవ్వండి, గట్టి తాడు ఇవ్వండి. పొద్దునా సాయంత్రం బాగా తిప్పండి. అలిసిపోతే సగం తగ్గుతుంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నమిలేటప్పుడు మీరు ఏమంటారు?"

"ఏమంటాను, అనేదే."

"ఒకసారి అనండి."

బల్లమీద ఉన్న కాగితం దాని ముందు పెట్టింది. చెద వెంటనే అంచు పట్టుకుంది. నేను నా మామూలు గొంతుతో "తిను తల్లీ, బాగా తిను" అన్నాను. చెద తోక ఊపుకుంటూ కాగితం మొత్తం లాగేసుకుంది.

"అన్నం పెట్టేటప్పుడు ఏమంటారు?"

"తిను చెదా అంటాను నేను" అంది అత్తయ్య.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మరింకేంటమ్మా? మీరు తినమంటున్నారు, అది తింటోంది. ఇంత మాట వినే కుక్కని నేను చూడలేదు."

అత్తయ్య ఎంత నవ్విందంటే పైటతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. కొడుకు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను, కానీ సిగ్గేసింది.

డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. ఒక మాట పెట్టుకోవాలి. ఆ మాట వింటేనే ఏదైనా నోట పెట్టాలి, వినకపోతే ముద్ద ముందున్నా ముట్టకూడదు. "ఇంట్లో మామూలుగా వాడని మాట ఏదైనా ఎంచుకోండి. మీరైతే మరీ జాగ్రత్త, కుక్కలకి వెటకారం తెలీదు" అంది నాతో.

దారిలో మాట కోసం వెతికాం. నేను రెండు మూడు చెప్పాను, అత్తయ్యకి ఒక్కటీ నోరు తిరగలేదు. "కుక్కకి ప్రత్యేకంగా ఓ భాష కనిపెడదాం, వ్యాకరణం కూడా రాద్దాం" అన్నాను విసుగ్గా. "తిను అనే ఉంచుదాంలే. అన్నం ముందు నా నోటికి ఇంకో మాట రాదు" అంది ఆవిడ. నేను సరేనన్నాను. వద్దని ఒక్కసారి గట్టిగా అనుంటే, ఆవిడ ఇంకో మాట నేర్చుకునేదే.

నేర్పించడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ చదువుకున్నది కుక్క కాదు, నేను. ముద్ద కింద పెట్టి చేత్తో మూసేదాన్ని. చెద ముక్కుతో పొడిచేది, గోకేది, ఏడ్చేది. విసిగి వెనక్కి కూర్చున్నాకే చెయ్యి తీసి "తిను" అనాలి. దాని నోట్లో అట్ట ఉన్నప్పుడు నా నోట్లోంచి మాట రాకూడదు. నా పళ్ళు నేనే బిగపట్టుకుని, అట్ట తీసి, తాడు ఇచ్చేదాన్ని. పొద్దున్నే దాన్ని చెరువుగట్టు దాకా పరిగెత్తించేదాన్ని. మా వీధివాళ్ళు నేను ఏదో రోగానికి పరిగెడుతున్నానని అనుకున్నారు.

చెద నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. ముక్కు ముందు రొట్టెముక్క పెట్టి మేము పక్కింటికి వెళ్ళి వచ్చినా, చొంగ కారుస్తూ అలాగే కూర్చుని ఉండేది. పుస్తకాల మధ్య పడుకునేది, అంచు ముట్టుకునేది కాదు. గుమాస్తా ఒకసారి పరీక్షించడానికి బిస్కెట్టు చూపించి "తీసుకో, తీసుకో" అన్నాడు. అది ఆయన వైపు జాలిగా చూసి, తర్వాత అత్తయ్య వైపు చూసింది. "తిను" అంది అత్తయ్య గర్వంగా.

ఇంట్లో ఇంకోటి కూడా జరిగింది. ఆ ఒక్క మాట జాగ్రత్తగా వాడటం అలవాటయ్యేసరికి మిగతా మాటలు కూడా నేరుగా రావడం మొదలుపెట్టాయి. ఒకరోజు అత్తయ్య రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే, "తినండి అత్తయ్యా, మీరు తింటుంటే నాకు బాగుంది" అన్నాను. అనేసి నాకే భయమేసింది. ఆవిడ అలవాటుగా ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏం తోచిందో, ఎడంచేత్తో నా తల నిమిరింది. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, అలా నిమరడం అదే మొదటిసారి. ఆవిడ గాజు మణికట్టు దగ్గరే ఆగుతోందని అప్పుడు చూశాను.

ఆ సుఖం మూడు నెలలు సాగింది.

వానలకి ఆఫీసు గదిలో నీళ్ళు దిగి, రిజిస్టర్లకి నిజం చెదలు పట్టాయి. గుమాస్తా రెండు బస్తాలు తెచ్చాడు. ఇలాంటి వాటికి మామూలు జిగురు పనికిరాదు. పురుగు మళ్ళీ రాకుండా మైలుతుత్తం కలపాలి. నీలంగా, గాజుపలుకుల్లా ఉంటుంది, పురుగుకీ మనిషికీ కూడా విషమే. ఆ గిన్నె ఎప్పుడూ పై అరలో పెట్టాలని ఆయన ఉన్నప్పటినుంచీ మా ఇంటి కట్టుబాటు. చెద చిన్నగా ఉన్నప్పుడు నేను అది తప్పలేదు. ఇప్పుడు అది ఏదీ ముట్టదు కదా. మాటిమాటికీ లేచే పని ఎందుకని గిన్నె నా పీట పక్కనే నేలమీద పెట్టుకున్నాను.

ఆరోజు మధ్యాహ్నం గుమాస్తా చావుల రిజిస్టర్లు రెండు వెనక్కి తెచ్చాడు. కాగితాల కట్ట ఒకటి తలకిందులుగా కుట్టేశాను. చనిపోయినవాళ్ళ పేర్లన్నీ తిరగబడి ఉన్నాయి. "ఆయన ఉంటే ఇలా జరిగేది కాదమ్మా" అన్నాడు. బాధపెట్టాలని అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఆ మాట నా ఒంట్లో ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తానని చెప్పి పంపించాను. పంపించి ముందుగదిలోకి తిరిగానో లేదో, గిన్నె ముందు చెద కూర్చుని ఉంది.

అది ముట్టుకోలేదు. ఈ ఒక్కటీ అందరికీ తెలియాలి. మూతి కూడా ఆనించలేదు. వెనకకాళ్ళ మీద బుద్ధిగా కూర్చుని, మైదావాసన పీలుస్తూ, నా మొహంలోకి చూసింది.

"ఇదొక్కటే తక్కువైంది నా బతుక్కి" అన్నాను. "తిను. అదీ తిను. అందరం హాయిగా ఉందాం."

అనేసి అటు తిరిగి, రిజిస్టరు కుట్లు విప్పడానికి కూర్చున్నాను. కళ్ళనిండా నీళ్ళు, దారం కనిపించడంలేదు. వెనక నాకుతున్న చప్పుడు వినిపించింది. నీళ్ళు తాగుతోందనుకున్నాను. తోక నేలకి కొట్టుకుంటున్న చప్పుడు కూడా విన్నాను. నీళ్ళగిన్నె వెనకగదిలో ఉంటుందన్న సంగతి నాలుగు కుట్లు విప్పాక తోచింది.

తిరిగేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది. దాని మూతి నీలంగా ఉంది. బాగా చేశానా అన్నట్టు నా వైపు చూస్తోంది.

దాన్ని ఎత్తుకుని పరిగెత్తాను. దారిలోనే కక్కుకోవడం మొదలుపెట్టింది, నా చీరంతా ఆకుపచ్చ నురగ. డాక్టరమ్మ ఏం తిందని అడిగితే చెప్పాను. ఎంత అని అడిగితే గిన్నెడు అన్నాను. "చెప్పందే ముట్టదు కదమ్మా ఇది?" అంది. ఆ పిల్ల నా మొహం చూసి, ఇంక అడగలేదు. కడుపు కడిగింది, సూదులు వేసింది, రాత్రంతా తన దగ్గరే ఉంచుకుంది. దానికి ఒంట్లో బాగాలేదని మాత్రమే అత్తయ్యకి కబురు పంపించాను. మర్నాడు నేను పాలలో తడిపిన గుడ్డ మూతి దగ్గర పెడితే, అది నాకలేదు. నా కళ్ళలోకి చూస్తూ ఉంది. మాట కోసం చూస్తోందని నాకు తెలుసు. నాకు నోరు పెగల్లేదు. మధ్యాహ్నానికి పోయింది.

ఇంటికి వచ్చి అత్తయ్యకి చెప్పాను. పొరపాటున జిగురు గిన్నెలో మూతి పెట్టిందని చెప్పాను.

"పెట్టదు" అంది ఆవిడ.

"ఎంతైనా కుక్క కదా అత్తయ్యా."

"పెట్టదమ్మా. చెప్పందే ముట్టదు." గోడవైపు తిరిగింది. "నేను పడుకుని ఉన్నాను కదా అప్పుడు? నిద్రలో అనేసుంటాను."

ఆవిడకి నిద్రలో మాట్లాడే అలవాటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తూ "తిను నాన్నా, ఇంకొక్క ముద్ద" అంటూ ఉంటుంది. కుక్కతో కాదు, కొడుకుతో. కలలో ఆయన ఇంకా చిన్నపిల్లాడు. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. ఆరోజు మాత్రం మధ్యగదిలోంచి ఏ మాటా రాలేదు. నాకు బాగా తెలుసు.

అయినా నేను కాదనలేదు. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి. "ఏమో అత్తయ్యా, ఎవరికి తెలుసు" అన్నాను.

ఆవిడ మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. కళ్ళు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది, ఏదైనా జారిపోతుందేమో అన్నట్టు. "ఏం నోరమ్మా నాది. ముందు కొడుకుని మింగింది, ఇప్పుడు దీన్ని" అంది ఒకసారి. అన్నం కలిపేది, ముద్ద ఎత్తేది, కాళ్ళ దగ్గర చూసేది, దించేసేది. మొదటిరోజు అలా. రెండోరోజు అలా. మూడోరోజు ముద్ద ఎత్తనే లేదు.

నేను చెప్పకపోతే ఆవిడ నాకు మిగులుతుంది, కానీ బతకదు. చెప్తే బతకొచ్చు. ఇందులో తేల్చుకోవడానికి ఏముందని మీరనుకోవచ్చు. నాకు మూడురోజులు పట్టింది.

నాలుగోరోజు మధ్యాహ్నం కంచం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, నేనూ నేలమీద కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆరోజు మీరు నిద్రలో ఏమీ అనలేదు. నేనన్నాను."

ఆవిడ కొంగు నోటిమీదే ఉంది.

"గిన్నె కింద పెట్టింది నేను. అది ముట్టకుండా కూర్చుని ఉంది. కోపంలో ఉన్నాను. తిను, అదీ తిను అన్నాను. మామూలుగా అనేటట్టే అన్నాను. అది నా మాట విని తింది. మీ తప్పు ఏమీ లేదు. మూడురోజులనుంచీ తెలిసి కూడా మీకు చెప్పలేదు."

ఆవిడ ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. ఈ మాటల్ని ఎటు తిప్పి పట్టుకున్నా అర్థం మారదు. కొంగు నోటిమీంచి మెల్లగా జారింది. మొహంలో ముందు కనిపించింది కోపం కాదు. బరువు దిగిన మనిషి మొహం అది. కోపం తర్వాత వచ్చింది.

"అది నీ మొహంలోకి చూసిందా, అనే ముందు?"

"చూసింది."

"వెళ్ళు అమ్మాయ్. నాకు కనబడకు."

నేను కదల్లేదు. ఏడుస్తుందని, తిడుతుందని, ఆ తర్వాత ఎలాగో నన్ను దగ్గరికి తీసుకుంటుందని ఎక్కడో ఆశ. కానీ ఆవిడ ఒకటి అని ఇంకొకటి అనుకునే మనిషి కాదు. చివరికి నేనే లేచి, తలుపు దగ్గరగా వేసి, ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి కంచం నేలమీద జరిగిన చప్పుడైంది. ఇంకాసేపటికి గ్లాసు పెట్టిన చప్పుడు.

ఇది జరిగి నెల దాటింది. అత్తయ్య రెండుపూటలా తింటోంది, మధ్యాహ్నం నిద్రపోతోంది. గుమాస్తాతో మాట్లాడుతుంది, పాలవాడితో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. నేను మాత్రం గడపలో నిలబడి అన్నీ చెప్తాను, సూటిగానే చెప్తాను. వాన తగ్గిందని, రిజిస్టర్లు అయిపోయాయని, నాకు ఇంట్లో తోచడంలేదని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. వేళకి కంచం తెచ్చి ముందు పెడతాను. తినమని అనను. నేను బయటికి వచ్చి తలుపు వేశాకే ఆవిడ అన్నంలో చెయ్యి పెడుతుంది.